కంపైలర్ లోపల అసెంబ్లీ నడవదు: ఒక ఫంక్షన్‌కు రెండు దారులు

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ పూట విషయం చాలా ఇరుకైనది. ఒక లైబ్రరీ ఫంక్షన్ ఉంది. వేగం కోసం దాని లోపల ఇన్‌లైన్ అసెంబ్లీ, అంటే ప్రాసెసర్‌కి నేరుగా ఇచ్చే ఆదేశాలు, రాశారు. మామూలుగా పిలిస్తే చక్కగా పనిచేస్తుంది. అదే ఫంక్షన్‌ని ఎవరో కంపైల్ టైమ్‌లో, అంటే ప్రోగ్రామ్ నడవకముందు కంపైలర్ దాన్ని తయారు చేసేటప్పుడే, విలువ కావలసిన చోట పిలిచారు. అర్రే సైజు కావచ్చు, స్విచ్‌లో కేస్ లేబుల్ కావచ్చు, టెంప్లేట్ ఆర్గ్యుమెంట్ కావచ్చు. కంపైలర్ అక్కడే ఆగిపోతుంది. దాన్ని ముందుకు కదిలించడం పది నిమిషాల పని. కదిలిన తర్వాత మొదలయ్యే చిక్కులు మాత్రం నెలల తరబడి కనపడకుండా ఉండిపోతాయి. అందుకే ఎక్కువసేపు వాటి మీదే ఉంటాను.

చేతిలో ఒక వస్తువు పెట్టుకుని మాట్లాడుకుందాం. తెర మీద ఉన్నది సీఆర్‌సీ 32సీ లెక్క కట్టే ఫంక్షన్. ఒక బైట్ల వరుస, దాని పొడవు ఇస్తే 32 బిట్ల చెక్‌సమ్, అంటే డేటా చెడిందో లేదో పోల్చి చూసుకునే సంఖ్య, వస్తుంది. ఇంటెల్ వాళ్ళు 2008లో నెహాలెమ్ ప్రాసెసర్లతో తెచ్చిన ఎస్ఎస్ఈ 4.2 అనే ఇన్‌స్ట్రక్షన్ల గుంపులో దీనికోసం ఒక ఇన్‌స్ట్రక్షన్ ఉంది, పేరు సీఆర్‌సీ32. ఒకే దెబ్బకు 8 బైట్లు మింగుతుంది. ఫంక్షన్ లోపల లూప్, లూప్ లోపల ఆ ఇన్‌స్ట్రక్షన్ రాసిన అసెంబ్లీ వాక్యం, అంతే. ఇప్పుడు ఒక ప్రోగ్రామర్ మెసేజ్ పేర్లను ఈ ఫంక్షన్‌తో హ్యాష్ చేసి స్విచ్‌లో లేబుళ్ళుగా పెట్టాలనుకున్నాడు. న్యాయమైన కోరికే. పేర్లు ముందే తెలుసు, రన్ టైమ్‌లో మళ్ళీ లెక్కించడం దండగ. కానీ కంపైలర్ ఒప్పుకోదు.

ఎందుకు ఒప్పుకోదో అర్థమైతే తర్వాత చెప్పేవన్నీ తేలిగ్గా దిగుతాయి. కంపైల్ టైమ్‌లో మీ ఫంక్షన్‌ని నడిపేది ప్రాసెసర్ కాదు, కంపైలర్ లోపల ఉన్న ఒక ఇంటర్‌ప్రెటర్. అది సోర్స్ చెట్టుని పట్టుకుని కొమ్మ కొమ్మా నడుచుకుంటూ వెళ్తుంది. కూడిక కనపడితే కూడుతుంది, లూప్ కనపడితే తిరుగుతుంది. అసెంబ్లీ వాక్యం కనపడితే దానికి చేతిలో ఉన్నది ఒక అక్షరాల తీగ (స్ట్రింగ్) మాత్రమే. జీసీసీ అనే కంపైలర్ అయితే ఆ తీగ అర్థం కూడా చూడదు, ఖాళీలు పూరించి అసెంబ్లర్‌కి అప్పగిస్తుంది. పైగా ఆ ఇంటర్‌ప్రెటర్‌లో రిజిస్టర్లు లేవు, అసలైన మెమరీ అడ్రసులు లేవు. పాయింటర్ అంటే అక్కడ 'ఈ అర్రేలో 3వ గడి' అనే గుర్తు మాత్రమే, సంఖ్య కాదు.

మరి ఆ ఇన్‌స్ట్రక్షన్లని కంపైలరే అసెంబుల్ చేసి అక్కడికక్కడ నడిపేయొచ్చు కదా అని అనిపిస్తుంది. కంపైల్ చేసే మెషీన్ ఇంటెల్ రకం ఎక్స్86, ప్రోగ్రామ్ నడిచేది ఆర్మ్ అనే వేరే రకం ప్రాసెసర్ ఉన్న బోర్డు మీద అయితే? అసెంబ్లీ ఆర్మ్‌ది, నడపాల్సింది ఎక్స్86 మీద. ఒకవేళ రెండూ ఎక్స్86 అయినా, బిల్డ్ సర్వర్‌లో లేని ఇన్‌స్ట్రక్షన్ మీ కోడ్‌లో ఉంటే కంపైలరే కుప్పకూలుతుంది. ఒక అసెంబ్లీ వాక్యం ఏ మెమరీనైనా తొక్కగలదు, ఏ సిస్టమ్ కాల్ అయినా చేయగలదు. అలాంటి దాన్ని కంపైలర్ సొంత ప్రాసెస్‌లోకి రానిస్తే ఈరోజు బిల్డ్‌కీ రేపటి బిల్డ్‌కీ ఒకే ఫలితం వస్తుందన్న భరోసా పోతుంది. అందుకని భాషలు రూపొందించినవాళ్ళు తలుపు మూసేశారు. అది సరైన నిర్ణయమేనని నా గట్టి అభిప్రాయం.

మిగిలిన దారి ఒకటే. ఫంక్షన్‌కు రెండు ఒళ్ళు, అంటే ఒకే పని చేసే రెండు కోడ్ రూపాలు, ఉండాలి. ఒకటి మామూలు భాషలో రాసినది, ఇంటర్‌ప్రెటర్ నడవగలిగినది. రెండోది అసెంబ్లీ. పిలిచిన సందర్భాన్ని బట్టి ఏదో ఒకటి నడవాలి. ఆ 'ఏదో ఒకటి'ని ఎలా ఎంచుకుంటారు అన్నదాంట్లోనే భాషకీ భాషకీ తేడా.

ఈ సమస్యని ముందుగా తలకెత్తుకున్నవాళ్ళలో డీ భాష వాళ్ళు ఉన్నారు. ఆ భాష సృష్టికర్త వాల్టర్ బ్రైట్ కంపైలర్‌లోకి 2007లోనే కంపైల్ టైమ్ ఫంక్షన్ ఇవాల్యుయేషన్ వచ్చింది, పొట్టిగా సీటీఎఫ్ఈ అంటారు. డీలో ఫంక్షన్‌కి ముందు ప్రత్యేకమైన మాటేమీ అక్కర్లేదు. ఏ ఫంక్షన్ అయినా, సోర్స్ దొరికితే, కంపైల్ టైమ్‌లో నడుస్తుంది. నడిచిన దారిలో నడవలేనిది తగిలితేనే గొడవ. డీ గణిత లైబ్రరీలో ఎక్స్87 (ఎక్స్86లో దశాంశ లెక్కల పాత భాగం) అసెంబ్లీతో రాసిన ఫంక్షన్లు ఉన్నాయి. వాటిని ఈనమ్ విలువలోనో స్టాటిక్ పట్టికలోనో వాడబోతే సరిగ్గా ఈ అడ్డమే తగిలింది. దానికి విరుగుడుగా సీటీఎఫ్ఈ అనే పేరుతోనే, ముందు రెండు అండర్‌స్కోర్లు పెట్టి, ఒక మాయ వేరియబుల్ ఇచ్చారు. ఇంటర్‌ప్రెటర్‌లో అది ట్రూ, నిజంగా నడిచే కోడ్‌లో ఫాల్స్. మామూలు ఇఫ్‌లో పెట్టి, ఈ పక్క మామూలు లెక్క, ఆ పక్క అసెంబ్లీ రాసుకోవచ్చు. కోడ్ తయారయ్యేటప్పుడు ఫాల్స్ అని ముందే తెలుసు కాబట్టి ఆ కొమ్మ ఎగిరిపోతుంది, రన్ టైమ్‌లో పైసా ఖర్చు లేదు.

డీలో రెండు జాగ్రత్తలు చెప్పి సీ ప్లస్ ప్లస్‌కి వెళ్తాను. స్టాటిక్ ఇఫ్‌లో ఆ వేరియబుల్‌ని పెట్టకండి. స్టాటిక్ ఇఫ్ షరతు తేలేదే కంపైల్ టైమ్‌లో, కాబట్టి అక్కడ 'మనం కంపైల్ టైమ్‌లో ఉన్నామా' అని అడిగితే జవాబు ఎప్పుడూ అవుననే. రెండోది, నేకెడ్ అని రాసిన అసెంబ్లీ ఫంక్షన్లలో ఇఫ్ పెట్టడానికి చోటే ఉండదు, ఎందుకంటే కంపైలర్ వాటికి స్టాక్ ఫ్రేమ్ కట్టదు. బయట ఒక పల్చటి ఫంక్షన్ రాసి, ఎంపిక అందులో చేసి, అక్కణ్ణుంచి నేకెడ్ దాన్ని పిలవాలి. ఇంకొక మాట, లైబ్రరీని సోర్స్ లేకుండా, డిక్లరేషన్లు మాత్రమే ఉన్న ఫైళ్ళతో ఇస్తే ఇవేవీ పనికిరావు. ఇంటర్‌ప్రెటర్‌కి నడవడానికి చెట్టు ఉండాలి కదా.

సీ ప్లస్ ప్లస్‌లో ఇదే కథ మెల్లగా, మెట్లు మెట్లుగా నడిచింది. 2011లో కాన్‌స్ట్‌ఎక్స్‌పర్, అంటే కంపైల్ టైమ్‌లో నడవగలదని ఫంక్షన్‌కి పెట్టే గుర్తు, వచ్చినప్పుడు ఫంక్షన్‌లో ఒక్క రిటర్న్ వాక్యమే ఉండాలన్నారు. 2014లో లూపులు వచ్చాయి. కానీ అసెంబ్లీ వాక్యం కాన్‌స్ట్‌ఎక్స్‌పర్ ఫంక్షన్ లోపల ఉంటేనే తప్పు, నడిచినా నడవకపోయినా. సీ ప్లస్ ప్లస్ 20లో ఆ నిబంధన సడలించారు: అసెంబ్లీ ఉండొచ్చు, కంపైల్ టైమ్ నడక దాని మీదకి రాకూడదు. అదే ప్రమాణంలో ఈజ్ కాన్‌స్టంట్ ఇవాల్యుయేటెడ్ అనే ఫంక్షన్ ఇచ్చారు, డీ మాయ వేరియబుల్‌కి ఇది తోడబుట్టినది. సీ ప్లస్ ప్లస్ 23లో ఇంకా శుభ్రంగా ఇఫ్ కాన్‌స్ట్‌ఇవాల్ అనే వాక్యాన్నే తెచ్చారు. జీసీసీలో 12 నుంచి, క్లాంగ్ అనే ఇంకో కంపైలర్‌లో 14 నుంచి అది దొరుకుతుంది. పాతదైతే జీసీసీ 9, క్లాంగ్ 9 నుంచి ఉంది.

మీ ప్రాజెక్టు సీ ప్లస్ ప్లస్ 17 దగ్గరే ఆగి ఉంటే? కంపైలర్లు కొత్తవైతే ఈజ్ కాన్‌స్టంట్ ఇవాల్యుయేటెడ్ వెనక ఉన్న బిల్టిన్ (కంపైలర్‌లోనే అమర్చిన ఫంక్షన్) పాత ప్రమాణంలోనూ పలుకుతుంది. అసెంబ్లీని మాత్రం కాన్‌స్ట్‌ఎక్స్‌పర్ కాని వేరే ఇన్‌లైన్ ఫంక్షన్‌లోకి మార్చి, రన్ టైమ్ కొమ్మలో దాన్ని పిలవండి. నడవని కొమ్మలో కాన్‌స్ట్‌ఎక్స్‌పర్ కాని ఫంక్షన్‌ని పిలిచినా తప్పు లేదు. కొత్త ప్రమాణంలో కూడా ఇలా విడిగా ఉంచడమే మేలు. చదివేవాళ్ళకి రెండు ఒళ్ళూ పక్కపక్కన కనపడతాయి, పరీక్షించడానికి విడివిడిగా పిలవొచ్చు.

ఇక్కడ అందరూ ఒకసారైనా పడే గొయ్యి ఉంది. ఇఫ్ కాన్‌స్ట్‌ఎక్స్‌పర్ అని రాసి, బ్రాకెట్లో ఈజ్ కాన్‌స్టంట్ ఇవాల్యుయేటెడ్ పెడతారు. డీలో స్టాటిక్ ఇఫ్‌తో జరిగిందే ఇక్కడా: షరతు కంపైల్ టైమ్‌లో తేలుతుంది కాబట్టి ఎప్పుడూ ట్రూ. అసెంబ్లీ కొమ్మ మొత్తం మాయమవుతుంది. ప్రోగ్రామ్ తప్పు జవాబు ఇవ్వదు, అందుకే ఎవరికీ కనపడదు. నెమ్మదిస్తుంది, అంతే. ఇప్పటి కంపైలర్లు హెచ్చరిస్తాయి, ఆ హెచ్చరికని ఎర్రర్‌గా మార్చుకోండి. మామూలు ఇఫ్ రాయండి, లేదా ఇఫ్ కాన్‌స్ట్‌ఇవాల్ రాయండి. ఈ రెండో దానికి షరతే ఉండదు కాబట్టి తప్పు రాయడానికి వీలే లేదు. నన్నడిగితే అదొక్కటి చాలు, దానికి మారిపోవడానికి.

దీనికి తిరగేసిన అపోహ ఇంకొకటి. ఆర్గ్యుమెంట్లు అన్నీ స్థిరాంకాలు కదా, కంపైలర్ ముందే లెక్క కట్టేస్తుందిలే అనుకుంటారు. ఫంక్షన్ లోపల ఒక మామూలు ఇంట్ వేరియబుల్ పెట్టి, దానికి అక్షరాల తీగ మీద చెక్‌సమ్ ఇచ్చారనుకోండి. భాష నియమం ప్రకారం అది కంపైల్ టైమ్ సందర్భం కాదు. జవాబు ఫాల్స్, అసెంబ్లీ కొమ్మ నడుస్తుంది, ఆప్టిమైజర్ అసెంబ్లీ లోపలికి చూడలేదు. మామూలు కోడ్ అయితే మడిచిపెట్టేసేది, అసెంబ్లీ ఉండబట్టే పిలిచిన ప్రతిసారీ లెక్క జరుగుతుంది. కంపైల్ టైమ్‌లో తేలాలంటే మీరు బలవంతం చేయాలి: వేరియబుల్‌ని కాన్‌స్ట్‌ఎక్స్‌పర్ అని ప్రకటించండి, లేదా బయట ఒక కాన్‌స్ట్‌ఇవాల్ ఫంక్షన్ (కంపైల్ టైమ్‌లోనే నడిచి తీరేది) పెట్టి దాని గుండా పిలవండి.

కాన్‌స్ట్ అని మాత్రమే రాసిన వేరియబుల్ ఈ రెంటికీ మధ్యన ఉంటుంది. కంపైలర్ ముందు కంపైల్ టైమ్‌లో ప్రయత్నిస్తుంది, అప్పుడు ట్రూ. ఆ దారిలో ఏదైనా అడ్డం తగిలితే ఆ ప్రయత్నాన్ని పారేసి, రన్ టైమ్‌లో మళ్ళీ మొదటినుంచి నడుపుతుంది, అప్పుడు ఫాల్స్. ఈ మార్పు చడీ చప్పుడు లేకుండా జరుగుతుంది. రెండు ఒళ్ళూ వేరు వేరు జవాబులు ఇస్తే, ఎక్కడో దూరంగా ఒక మార్పు చేసినందుకు ఇక్కడ విలువ మారిపోతుంది.

లినక్స్ కెర్నెల్ సీలో ఉంది, దానికి ఈ సదుపాయాలేవీ లేవు. వాళ్ళు జీసీసీ ఇచ్చే బిల్టిన్ కాన్‌స్టంట్ పీ వాడతారు: 'ఈ విలువ నీకు స్థిరంగా తెలుసా' అని కంపైలర్‌ని అడగడం. ఎక్స్86 బిట్ ఆపరేషన్ల ఫైల్లో ఎఫ్ఎఫ్ఎస్ అనే మ్యాక్రో చూడండి. స్థిరాంకమైతే కంపైలర్ సొంత బిల్టిన్, కాకపోతే బీఎస్ఎఫ్ ఇన్‌స్ట్రక్షన్ ఉన్న అసెంబ్లీ ఫంక్షన్. పోలిక చక్కగా ఉంది కానీ ఒక తేడా గుర్తుపెట్టుకోండి. ఈజ్ కాన్‌స్టంట్ ఇవాల్యుయేటెడ్ జవాబు భాష నియమాలతో తేలుతుంది. బిల్టిన్ కాన్‌స్టంట్ పీ జవాబు చాలాసార్లు ఆప్టిమైజర్ ఎంత చూడగలిగింది అన్నదాని మీద ఆధారపడుతుంది. ఓ2లో (ఆప్టిమైజర్ గట్టిగా పనిచేసే స్థాయి) ఇన్‌లైన్ అయ్యాక అవునన్నది, ఓ0లో (ఆప్టిమైజర్ ఆపేసిన స్థాయి) కాదనొచ్చు. అంటే డీబగ్ బిల్డ్‌లో ఒక ఒళ్ళు, రిలీజ్ బిల్డ్‌లో ఇంకో ఒళ్ళు నడుస్తున్నాయి.

ఇదే ఎఫ్ఎఫ్ఎస్‌ని కాస్త దగ్గరగా చూద్దాం, రెండు ఒళ్ళూ ఒకే మాట చెప్పడం అంటే ఏమిటో ఇందులో బాగా తెలుస్తుంది. ఎఫ్ఎఫ్ఎస్ ఒప్పందం: కింది నుంచి మొదటి 1 బిట్ ఎన్నోదో చెప్పాలి, లెక్క 1 నుంచి, సున్నా ఇస్తే సున్నా. బీఎస్ఎఫ్ ఇన్‌స్ట్రక్షన్ లెక్క 0 నుంచి, కాబట్టి 1 కలపాలి. మరి సున్నా ఇస్తే? ఇంటెల్ మాన్యువల్ చాలా ఏళ్ళపాటు ఫలితం నిర్వచించలేదనే చెప్పింది, ఏఎండీ మాన్యువల్ గమ్యం రిజిస్టర్ మారదని చెప్పింది. కెర్నెల్ 64 బిట్ల దారిలో గమ్యంలో ముందే మైనస్ 1 పోసి ఉంచుతారు. ఇన్‌పుట్ సున్నా అయితే రిజిస్టర్ అలాగే మిగిలి, 1 కలిపితే సున్నా వస్తుంది. ఆ మైనస్ 1 పోసే ఒక్క కన్‌స్ట్రెయింట్ (అసెంబ్లీ వాక్యం ఏ విలువని ఎక్కడ వాడుతుందో కంపైలర్‌కి చెప్పే గుర్తు) మర్చిపోతే, స్థిరాంకం సున్నాకి సరైన జవాబు, వేరియబుల్ సున్నాకి చెత్త.

దీని అన్న లాంటిది ఎల్‌జెడ్‌సీఎన్‌టీ. పై నుంచి ఎన్ని సున్నాలున్నాయో లెక్కపెడుతుంది. దాని ఎన్‌కోడింగ్ ఏమిటంటే, పై నుంచి మొదటి 1 బిట్ స్థానం చెప్పే పాత బీఎస్ఆర్ ఇన్‌స్ట్రక్షన్‌కి ముందు రెప్ ప్రిఫిక్స్ అనే బైట్. ఆ సదుపాయం లేని పాత ప్రాసెసర్ ప్రిఫిక్స్‌ని పట్టించుకోకుండా బీఎస్ఆర్‌గా నడిపేస్తుంది. ఎర్రర్ లేదు, క్రాష్ లేదు. 32 బిట్ల సంఖ్య 1కి కంపైల్ టైమ్‌లో 31 వస్తుంది, ఆ పాత మెషీన్ మీద 0 వస్తుంది. కాబట్టి అసెంబ్లీ కొమ్మలోకి వెళ్ళేముందు ప్రాసెసర్ సదుపాయాలు చెప్పే సీపీయూఐడీ ఇన్‌స్ట్రక్షన్‌తో అది ఉందో లేదో చూసుకోవాలి. ఆ సీపీయూఐడీ కూడా అసెంబ్లీయే కనుక అదీ రన్ టైమ్ కొమ్మ లోపలే ఉండాలి, బయట పెడితే మళ్ళీ మొదటికొస్తుంది.

సరే, మన చెక్‌సమ్ దగ్గరకి వద్దాం. మామూలు ఒళ్ళు రాయడానికి కూర్చున్నాం. మొదటి ప్రశ్న, ఏ పాలినామియల్, అంటే సీఆర్‌సీ లెక్కలో భాజకంగా వాడే స్థిరమైన బిట్ల వరుస ఏది? సీఆర్‌సీ32 అనగానే జిప్ ఫైళ్ళలో వాడేది గుర్తొస్తుంది, నెట్‌లో దొరికే కోడ్ చాలావరకు అదే. ఎక్స్86 ఇన్‌స్ట్రక్షన్ లెక్కించేది అది కాదు, కాస్టగ్నోలీ పాలినామియల్. తిరగేసిన రూపంలో హెక్స్‌లో రాస్తే 82ఎఫ్63బీ78. జిప్‌ది ఈడీబీ88320. పరీక్షకి '123456789' అనే 9 అక్షరాల తీగ ఇవ్వండి. కాస్టగ్నోలీ అయితే ఈ3069283 రావాలి, జిప్‌ది అయితే సీబీఎఫ్43926 వస్తుంది. ఈ రెండు సంఖ్యలూ కంఠతా ఉంచుకోవాల్సినవి. ఇంకో సంగతి, ఇన్‌స్ట్రక్షన్ ప్రారంభ విలువ పెట్టదు, చివర తిరగేయదు. మొదట అన్నీ 1 బిట్లతో మొదలుపెట్టడం, చివర బిట్లన్నీ తిప్పడం మనమే చేయాలి. ఆ రెండు పనులూ ఎంపికకి బయట, ఒకే చోట పెట్టండి. రెండు ఒళ్ళలో విడివిడిగా రాస్తే ఒకదాంట్లో మర్చిపోవడం ఖాయం.

ఆర్మ్‌కి పోర్ట్ చేసేవాళ్ళకి ప్రత్యేకంగా చెప్తున్నాను. ఎక్స్86లో ఏటీ అండ్ టీ అనే అసెంబ్లీ రాత పద్ధతిలో ఒక బైట్‌కి రాసే పేరు సీఆర్‌సీ32బీ. 64 బిట్ల ఆర్మ్‌లోనూ సీఆర్‌సీ32బీ అనే ఇన్‌స్ట్రక్షన్ ఉంది. అక్షరం అక్షరం అదే పేరు, కానీ అది లెక్కించేది జిప్ పాలినామియల్. కాస్టగ్నోలీ కావాలంటే ఆర్మ్‌లో మధ్యన ఇంకో సీ ఉన్న సీఆర్‌సీ32సీబీ వాడాలి. పేరు చూసి రాసేస్తే, కంపైల్ టైమ్‌లో కట్టిన లేబుళ్ళు, రన్ టైమ్‌లో కట్టిన హ్యాష్ ఎప్పటికీ కలవవు. ప్రతి మెసేజూ స్విచ్‌లో డిఫాల్ట్‌లోకి జారిపోతుంది.

తర్వాతది మన తెలుగు వాళ్ళకి నేరుగా తగిలేది. బిట్ బిట్‌గా లెక్కించే మామూలు ఒళ్ళులో మొదటి పని, బైట్‌ని చెక్‌సమ్‌తో ఎక్స్‌ఆర్ చేయడం. బైట్ రకం చార్ అనుకోండి. ఎక్స్86లో చార్ సైన్డ్. '123456789'లో అన్నీ 128 లోపు కోడ్లే కాబట్టి పరీక్ష పాస్ అవుతుంది. ఇప్పుడు 'అ' ఇవ్వండి. యూటీఎఫ్ 8లో అది మూడు బైట్లు: 224, 176, 133. మూడూ 128 పైనే. సైన్డ్ చార్‌లో 224 అంటే మైనస్ 32. దాన్ని 32 బిట్లకి సాగదీస్తే పై 24 బిట్లూ 1 అవుతాయి, ఎక్స్‌ఆర్ చేసినప్పుడు చెక్‌సమ్ పై 24 బిట్లూ తలకిందులవుతాయి. అసెంబ్లీ ఒళ్ళులో బైట్ బైట్‌గానే వెళ్తుంది, అక్కడ సరైన జవాబే. ఇంగ్లీష్ పేర్లన్నీ కలుస్తాయి, తెలుగు పేరు పెట్టిన ఒక్కటి కలవదు. 256 గడుల పట్టికతో రాసిన రూపంలో ఈ తప్పు కనపడదు, ఎందుకంటే అక్కడ ఎక్స్‌ఆర్ చేసిన వెంటనే కింది 8 బిట్లే మిగుల్చుకుంటారు. అందుకే 'పట్టిక రూపం పనిచేసింది, బిట్ రూపం చేయలేదు' అని జనం తల బాదుకుంటారు. మందు ఒక్కటే: ఎక్స్‌ఆర్‌కి ముందే అన్‌సైన్డ్ చార్‌కి మార్చండి. పరీక్షల్లో తెలుగు పదం ఒకటి ఎప్పుడూ ఉంచండి, తెలుగు అక్షరాలన్నీ 128 పై బైట్లే కాబట్టి ఇంతకంటే మంచి పరీక్ష తీగ వెతికినా దొరకదు.

అసెంబ్లీ ఒళ్ళు 8 బైట్లు ఒకేసారి చదువుతుంది. మామూలు ఒళ్ళులో దాన్ని అనుకరించాలని బైట్ల పాయింటర్‌ని 64 బిట్ల పాయింటర్‌గా మార్చబోకండి, కంపైల్ టైమ్‌లో రీఇంటర్‌ప్రెట్ కాస్ట్ నిషిద్ధం. అడ్రస్ 8తో భాగించబడుతుందా అని కూడా అక్కడ అడగలేరు, ఇందాక చెప్పినట్టు అడ్రస్ అనేదే లేదు. అలైన్‌మెంట్ సర్దుబాటు అంతా రన్ టైమ్ కొమ్మ లోపలే. మామూలు ఒళ్ళు బైట్ బైట్‌గా నడవనివ్వండి, అందులో సిగ్గుపడాల్సిందేం లేదు.

నిదానంగా నడవనివ్వమన్నాను కానీ దానికీ హద్దు ఉంది. ఇంటర్‌ప్రెటర్‌లో ఎన్ని అడుగులు వేయొచ్చో కంపైలర్ గీత గీస్తుంది. క్లాంగ్‌లో మామూలుగా 10,48,576 అడుగులు. జీసీసీలో మొత్తం 3,35,54,432 ఆపరేషన్లు, ఒక్క లూప్‌కి 2,62,144 చుట్లు. లోపలికి పిలుపుల లోతు రెంటిలోనూ 512. ఇప్పుడు 64 కిలోబైట్ల తీగని బిట్ బిట్‌గా లెక్కిస్తే 65,536 బైట్లు, ఒక్కోదానికి 8 చుట్లు, మొత్తం 5,24,288. ఒక్కో చుట్టుకి రెండే అడుగులు వేసుకున్నా సరిగ్గా క్లాంగ్ గీత దగ్గరకి వచ్చాం, బయటి లూప్ కలిపితే దాటేశాం. పట్టికని ముందే కాన్‌స్ట్‌ఎక్స్‌పర్‌గా కట్టుకుంటే, 256 గడులకి 2,048 లోపలి చుట్లు ఒక్కసారి ఖర్చయి, ఆ తర్వాత బైట్‌కి ఒక్క చుట్టే. హద్దుని ఆప్షన్‌తో పెంచుకోవచ్చు, కానీ లైబ్రరీ రాసేవాళ్ళు వాడేవాళ్ళందరి బిల్డ్ ఆప్షన్లూ మార్చలేరు కదా. పట్టికే మేలు.

దశాంశ సంఖ్యల సంగతి వేరు, అక్కడ రెండు ఒళ్ళూ కచ్చితంగా కలవడం చాలా కష్టం. జీసీసీ సైన్ లాంటి బిల్టిన్లని ఎంపీఎఫ్ఆర్ అనే లైబ్రరీతో మడుస్తుంది, చివరి బిట్ దాకా సరిగా గుండ్రం చేసిన జవాబు వస్తుంది. రన్ టైమ్ ఒళ్ళులో ఎక్స్87 ఎఫ్‌సైన్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టారనుకోండి. అది కోణాన్ని తగ్గించడానికి పై (π) విలువని 66 బిట్లతోనే వాడుతుంది. డబుల్‌లో పట్టే π విలువకి సైన్ అడిగితే అసలు జవాబు 1.22464679 గుణించు 10 పవర్ మైనస్ 16, ఎఫ్‌సైన్ ఇచ్చేది 1.22460635. అయిదో అంకె తర్వాత దారులు వేరయ్యాయి. ఇలాంటి విలువని కంపైల్ టైమ్ పట్టికలో తాళంచెవిగా పెట్టి రన్ టైమ్‌లో సమానమా అని వెతికితే ఎప్పటికీ దొరకదు. దశాంశాలైతే ఎంత తేడా ఒప్పుకుంటారో డాక్యుమెంటేషన్‌లో రాయండి, పరీక్షలోనూ అంతే పెట్టండి. ఎఫ్‌సైన్‌ని మాత్రం కొత్త కోడ్‌లో వాడకండి.

పరీక్ష ఎలా కట్టాలో చూద్దాం, నా మనసంతా దీని మీదే ఉంది. మామూలు ఒళ్ళుతో కంపైల్ టైమ్‌లో ఒక పట్టిక తయారు చేయండి: ఒకే తీగలో మొదటి 0 బైట్ల నుంచి 70 బైట్ల దాకా, 71 పొడవులకి 71 చెక్‌సమ్‌లు. తీగలో 128 పై బైట్లు తప్పనిసరి. ఆ పట్టిక కాన్‌స్ట్‌ఎక్స్‌పర్ కాబట్టి అసెంబ్లీ నడిచే అవకాశమే లేదు. రన్ టైమ్‌లో అదే తీగని బఫర్‌లో 0 నుంచి 7 దాకా జరిపి పెడుతూ, ప్రతి జరుపుకీ 71 పొడవులూ అసెంబ్లీ ఒళ్ళుతో లెక్కించి పోల్చండి. మొత్తం 568 పోలికలు. 8 బైట్ల లూప్ తలా తోకా దగ్గర జరిగే తప్పులన్నీ ఇందులో బయటపడతాయి. పొడవు సున్నాని వదలకండి, డూ వైల్ లూప్‌తో రాసిన అసెంబ్లీ అక్కడే కాలు జారుతుంది. బయట నుంచి ప్రమాణంగా '123456789' విలువని కంపైల్ టైమ్‌లోనే సరిచూసే ఒక స్టాటిక్ అసర్ట్‌లో పెట్టండి, లేకపోతే రెండు ఒళ్ళూ కలిసికట్టుగా తప్పు చెప్పినా తెలీదు. ఇదంతా ఓ0లో ఒకసారి, ఓ2లో ఒకసారి నడపండి. ఓ0లో పాసై ఓ2లో పడిపోతే ముందు అనుమానించాల్సింది అసెంబ్లీ కన్‌స్ట్రెయింట్లని. పాయింటర్‌ని రిజిస్టర్‌లో ఇచ్చి, అది చూపే మెమరీని చదువుతున్నానని చెప్పకపోతే, ఆ మెమరీలోకి అంతకుముందు జరిగిన రాతల్ని ఆప్టిమైజర్ వెనక్కి నెట్టేయొచ్చు. మెమరీ క్లాబర్ (ఈ అసెంబ్లీ ఏ మెమరీనైనా తాకొచ్చన్న గుర్తు) పెట్టండి, లేదా చదివే మెమరీని చూపే సరైన ఎం ఆపరాండ్ ఇవ్వండి.

కంపైల్ టైమ్ నడకతో ఒక లాభం చెప్పి ప్రశ్నలకి వస్తాను. అక్కడ ఇంటర్‌ప్రెటర్ అర్రే హద్దు దాటడాన్ని, సైన్డ్ ఓవర్‌ఫ్లోని ఒప్పుకోదు, కంపైల్ ఆపేస్తుంది. కాబట్టి ఆ 71 చెక్‌సమ్‌ల పట్టిక మీ మామూలు ఒళ్ళుకి ఉచితంగా దొరికిన తనిఖీ కూడా. ఎస్ఎస్ఈ 4.2 లేని మెషీన్ మీద రన్ టైమ్‌లో నడిచేదీ ఆ ఒళ్ళే.

ప్రశ్న: రస్ట్, జిగ్‌లలో దీనికి దారేమిటి?

రస్ట్‌లో అసెంబ్లీ మ్యాక్రో 2022లో 1.59తో స్థిరపడింది, కానీ కాన్‌స్ట్ ఫంక్షన్‌లో దాన్ని రాయనివ్వరు. ప్రామాణిక లైబ్రరీ లోపల కాన్‌స్ట్ ఇవాల్ సెలెక్ట్ అనే ఇంట్రిన్సిక్‌తో (కంపైలర్‌కి అర్థం ముందే తెలిసిన ఫంక్షన్) రెండు దారులు వేసుకుంటారు, అది మామూలు వాడకందారులకి స్థిరమైన రస్ట్‌లో అందుబాటులో లేదు. కాబట్టి రెండు పేర్లతో రెండు ఫంక్షన్లు ఇవ్వడమే నడిచే పద్ధతి. జిగ్‌లో 0.11 నుంచి ఇన్ కాంప్‌టైమ్ అనే బిల్టిన్ ఉంది, డీ వేరియబుల్ లాగే వాడుకోవచ్చు.

ప్రశ్న: అసెంబ్లీ బదులు ఇంట్రిన్సిక్స్ వాడితే ఈ బాధ తప్పుతుందా?

కొంత తప్పుతుంది. ఇంట్రిన్సిక్ ఏం చేస్తుందో కంపైలర్‌కి తెలుసు, రిజిస్టర్ల కేటాయింపు, కన్‌స్ట్రెయింట్ తప్పులు పోతాయి. కానీ కాన్‌స్ట్‌ఎక్స్‌పర్‌లో అన్నీ నడుస్తాయన్న హామీ లేదు, కంపైలర్‌ని బట్టి, వెర్షన్‌ని బట్టి మారుతుంది. ఎంపిక వాక్యం అలాగే ఉంచండి, అసెంబ్లీ కొమ్మలో ఇంట్రిన్సిక్ పెట్టండి. బిట్లు లెక్కపెట్టడం లాంటి పనులకైతే రెండూ వద్దు, సీ ప్లస్ ప్లస్ 20 బిట్ హెడర్‌లో ఉన్న ఫంక్షన్లు కంపైల్ టైమ్‌లోనూ పలుకుతాయి, రన్ టైమ్‌లో ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌గానూ మారగలవు, సున్నాకి జవాబు కూడా నిర్వచించి ఉంది.

ప్రశ్న: మా అసెంబ్లీ వేరే ఫైల్లో ఉంది, దానికి మామూలు రూపం రాయడం అసాధ్యం. కంపైల్ టైమ్‌లో విలువలు మాత్రం కావాలి. ఏం చేయాలి?

అప్పుడు కంపైలర్‌ని వదిలేసి బిల్డ్‌లో ఒక మెట్టు పెంచండి. ఆ అసెంబ్లీని పిలిచి విలువల్ని సోర్స్ ఫైల్‌గా రాసే చిన్న ప్రోగ్రామ్ తయారు చేయండి. బిల్డ్‌లో అది ముందు కంపైలై నడవాలి, అది రాసిన ఫైల్‌ని అసలు ప్రోగ్రామ్ కలుపుకోవాలి. లినక్స్ కెర్నెల్‌లో రెయిడ్ 6 (డిస్కులు పాడైనా డేటా నిలిపే పద్ధతి) పట్టికల్ని ఎంకేటేబుల్స్ అనే చిన్న ప్రోగ్రామ్ ఇలాగే రాసిపెడుతుంది. ఒక్క షరతు: ఆ ప్రోగ్రామ్ బిల్డ్ మెషీన్ మీద నడుస్తుంది, గమ్యం మీద కాదు. మీ అసెంబ్లీ ఆర్మ్‌ది, బిల్డ్ సర్వర్ ఎక్స్86 అయితే ఒక రకం ప్రాసెసర్ కోడ్‌ని ఇంకో రకం మీద నడిపే క్యూఈఎంయూ యూజర్ మోడ్‌లో నడపండి. అది కుదరకపోతే అసలు బోర్డు మీద ఒక్కసారి నడిపి, వచ్చిన ఫైల్‌ని రిపాజిటరీలో చేర్చి, దాన్ని తయారు చేసిన ఆదేశాన్ని ఆ ఫైల్ మొదటి వరుసలోనే కామెంట్‌గా రాయండి.